సుంకమ్మ మారిన పందొమ్మిది ఇళ్లు

ఆ రోజు మధులత వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే కడపలో బయలుదేరి, ఎర్రగుంట్లలో ఒకే ఒక్క మనిషిని నాలుగు ప్రశ్నలడిగి, మధ్యాహ్నం భోజనానికి తన మెడికల్ కాలేజీకి వచ్చేయాలి. మాటిమాటికీ ఇల్లు మారేవాళ్లకు ఊపిరితిత్తుల జబ్బులు ఎక్కువగా వస్తాయా అన్నది ఆమె పరిశోధన. ఆన్‌లైన్‌లో సామాను తెప్పించుకునేవాళ్ల చిరునామాలు ఒక పార్సిల్ కంపెనీ నుంచి సంపాదించింది. వాటిలో పేర్లు లేవు, ఫోన్ నంబర్లే ఉన్నాయి. ఒక నంబరు మీద మూడేళ్లలో పందొమ్మిది ఇళ్లు! జిల్లాలో ఇంత ప్రమాదంలో ఉన్న ప్రాణి ఇంకొకటి లేదని కంప్యూటరు ఎర్రరంగు పూసి మరీ చెప్పింది. మధులతకు నిజంగానే జాలేసింది.

ఆ నంబరుకు ఫోన్ చేసి పేరు, చోటు కనుక్కుంటే అది సుంకమ్మది. సిమెంటు ఫ్యాక్టరీ గేటు ఎదుట ఆమెకు బొరుగులు తిరగమోత వేసి చేసే ఉగ్గాని, బజ్జీల అంగడి ఉంది. బల్లల నిండా లారీ డ్రైవర్లు తింటున్నారు. దుమ్ముకు తట్టుకోలేక మాస్కు తగిలించుకున్న మధులత, కళ్లె పరీక్ష డబ్బా పట్టుకుని జీపు దిగింది.

"సుంకమ్మంటే నువ్వేనామ్మా? జబ్బొచ్చే ప్రమాదం ఉండేవాళ్లల్లో నీదే మొదటి నంబరు."

లారీ డ్రైవరు శ్రీనివాసులు చేతిలోని బజ్జీ నోటిదాకా పోయి ఆగిపోయింది. "ఏం జబ్బు మేడం?"

"టీబీ కావచ్చు. పరీక్ష చేస్తేగానీ తెలీదు."

రెండో మాట ఎవరూ వినలేదు. పది గంటలకల్లా సుంకమ్మకు టీబీ ఖాయమైంది. పదిన్నరకు అది ఉగ్గానిలోంచే అంటుకుంటుందని లారీ స్టాండులో తేల్చేశారు. పదకొండుకు అంగడి మూసేశారని రైల్వే గేటు దగ్గర చెప్పుకున్నారు. మూయలేదు, తినేవాళ్లే లేరు.

గంపెడు ఉగ్గాని ముందు కూర్చుని సుంకమ్మ కళ్లు తుడుచుకుంది. "మొగుడు పోయినాక నాకు కూడు పెట్టింది ఈ పొయ్యేనమ్మా. రేపట్నుంచి ఈడ ఎవురు తింటారు?"

మధులతకు తల కొట్టేసినట్టయింది. "అన్ని ఇండ్లు ఎందుకు మారినావని అడగనీకే వచ్చినానమ్మా."

"నేనా? పెండ్లయినప్పుడు ఒక్కసారి మారినా. మల్లా కదల్లా."

మధులత చిరునామాలు ఒక్కొక్కటే చదివింది. సుంకమ్మ ముక్కు చీదుకుని విన్నది.

"ఆ రేకుల రూము డ్రైవరు గాబ్రియేలుది. లారీ యాడుంటాదో తెలీదని పార్సిల్‌కు నా నంబరు ఇస్తాడు. డ్రైవర్లందురూ అంతే, నేను ఈడ్నే ఉంటా గదా! దుమ్ముకు తాళలేక వాడు మూడు రూములు మారినాడు. రెండు నెల్లుగా దగ్గుతాండాడు. ఆసుపత్రికి పోరా అంటే ఇనడు."

పందొమ్మిది ఇళ్లూ అయ్యేసరికి ఎవరు ఎప్పుడు మారారో, ఎందుకు మారారో, ఎవరికి దగ్గుందో అంతా మధులత పుస్తకంలోకి ఎక్కింది. రెండేళ్లు వెతికినా కంప్యూటరులో దొరకని సంగతులవి.

మధులత మాస్కు తీసేసి, రోడ్డుకు కనబడేలా బల్ల మీద కూర్చుంది. "తప్పు నాదప్పా! ఈమె నంబరు పొరపాటున పడింది!" అని కేకేసి, అందరూ చూస్తుండగా రెండు ప్లేట్ల ఉగ్గాని తినేసింది. మూడో ప్లేటుకు శ్రీనివాసులు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నాకు ఇంకో రెండు బజ్జీలు ఎయ్యక్కా," అన్నాడు తలొంచుకుని.

వెనకే గాబ్రియేలు దగ్గుతూ వచ్చాడు. సుంకమ్మ ప్లేటు దాచేసింది. "మొదుట ఎనక్కి పోయి ఆ డబ్బాలో ఉమ్మి మేడానికి ఇయ్యి. బజ్జీ మల్లా."

ఈ పని ఒక్క పూటలో తేలేది కాదని మధులత ఎర్రగుంట్లలోనే రూము తీసుకుంది. ఉక్కకు తాళలేక ఒక ఫ్యాను తెప్పించుకుంది. పగలంతా వీధులు తిరిగే మనిషి కాబట్టి, పార్సిల్‌వాళ్లకు ఎప్పుడూ పలికే నంబరొకటి ఇచ్చింది.

పార్సిల్ కంపెనీ ఆ నెల పట్టికలో సుంకమ్మ ఇరవయ్యో ఇంటికి మారింది.