నావికుడి కంటికట్టు కేసు

“ఈ లోకంలో నిజాన్ని దాచేది చీకటి. బయటికి లాగేది నేను. ఇద్దరిలో ఎవరు గెలుస్తారో చీకటికి ఇప్పటికే తెలుసు” అని ప్రకటించాడు భూతద్దం, మంచమెక్కి నిలబడి. నేల మీద నిలబడి చెబితే ఆ మాటకి బరువు చాలదనుకున్నాడు కాబోలు.

విన్నది నేనొక్కణ్ణే. అదీ వాడి గదిలో మాడిపోయిన స్విచ్చి మార్చడానికి వెళ్లి ఇరుక్కున్నాను. కరెంటు పనివాడికి చెవులు మూసుకునే వీలుండదు, రెండు చేతులూ గోడలో ఉంటాయి.

భూతద్దం అన్నది మేం పెట్టిన పేరు. అసలు పేరుతో పిలిస్తే వాడు పలకడు. పగలు వాళ్ల నాన్న చెప్పుల దుకాణంలో కూర్చుంటాడు. వచ్చినవాళ్ల పాదాలు తేరిపార చూసి, “మీరు నిన్న ఎవరి దగ్గర్నుంచో పారిపోయారు” అంటాడు. అప్పుడు వాళ్లు నిజంగానే పారిపోతారు. దాన్ని కూడా వాడు తన గెలుపు ఖాతాలోనే వేసుకుంటాడు.

మిగతా పొద్దంతా వీడియో గేమ్ మీద పరిశోధన. ‘ఒంటికన్ను నావికుడు’ అని ఓ గేమ్ ఉంది. ఏళ్ల తరబడి భాగం మీద భాగం వస్తూనే ఉంది. దాన్ని ఆడుకునేవాళ్లు ఒక జాతి. వాళ్లతో పేచీ లేదు. రెండో జాతి ఆడదు, తవ్వుతుంది. మూడో భాగంలో చచ్చిన చిలుక ఐదో భాగంలో మళ్లీ ఎగిరింది. అంతే, సిద్ధాంతాలు మొదలు. అది ఆత్మ అన్నాడొకడు. చచ్చిన చిలుక కూతురన్నాడు ఇంకొకడు. చచ్చింది చిలుక కాదు, నావికుడే, మనం చూస్తున్నదంతా చిలుక కంటున్న కల అన్నాడు భూతద్దం. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు రోజుల తరబడి ఫోన్లలో తిట్టుకున్నారు.

ఆ చిలుకను గీసినతను మా అక్క పక్క కుర్చీలో కూర్చుంటాడు. కొత్త పక్షిని గీస్తానంటే యజమాని టైమివ్వలేదు, పాతదాన్నే తెచ్చి అతికించారు. అదీ సంగతి. యజమాని పిసినారితనంలోంచి ఇంత వేదాంతం పిండే భక్తులు దేవుడిక్కూడా దొరకరు.

మా అక్క ఆ కంపెనీలోనే బొమ్మలు గీస్తుంది. నావికుడి ముఖం ఆమెది. అదే ముఖాన్ని గీసీ గీసీ ఆమె కళ్లద్దాలు దళసరి ఎక్కాయి. నేను ఆ ఆఫీసులోనే దీపాలూ ఏసీలూ చూస్తాను.

స్విచ్చి సగం బిగించానో లేదో, అక్క మెట్లెక్కి గదిలోకొచ్చింది.

“ఫోను తియ్యవేంరా?”

“చేతులు గోడలో ఉన్నాయక్కా. ఏమైంది?”

“తొమ్మిదో భాగం ట్రైలర్ వదిలారు. అందులో నావికుడి కట్టు కుడి కంటికుంది.”

“ఎడమ కంటికి కదా ఉండాలి?”

“మొదటి భాగం నుంచీ ఎడమే. నేను గీసిందీ ఎడమే. ఇప్పుడెళ్లి నా కంప్యూటర్లో చూసినా ఎడమే ఉంది. గొడవయ్యాక దిద్దుకుని బుకాయిస్తున్నావంటున్నాడు సార్. మధ్యాహ్నం మీటింగు హాల్లో అందర్నీ కూడమన్నాడు. అందరి ముందూ నన్ను తీసేస్తాడట.”

ఆమె గొంతులో ఏడుపు లేదు. కానీ కూర్చోమన్నా కూర్చోలేదు. హీరో కన్ను కూడా సరిగ్గా గీయలేని మనిషని పేరు పడితే ఈ పనిలో ఇంకో తలుపు తెరుచుకోదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. తెలియంది మంచం మీదున్నవాడికే. వాడు కిందికి దూకాడు.

“అక్కా, కన్నీళ్లు ఆపు.”

“నేను ఏడవట్లేదు.”

“లోపల ఏడుస్తున్నావు. నా చూపుకి దొరక్కుండా పోదు.”

“లోపల తిట్టుకుంటున్నాన్రా.”

“కట్టు కన్ను మారడం తప్పు కాదక్కా, సాక్ష్యం. నావికుడికి కవల తమ్ముడున్నాడు. వాడికి కుడి కన్ను పోయింది. ఎనిమిదో భాగం చివర్లో పొగమంచు వచ్చినప్పుడు అన్నని సముద్రంలోకి తోసి, తమ్ముడు ఓడెక్కాడు.”

“వాణ్ణి గీసింది నేను. వాడికి తమ్ముడు లేడు.”

“గీసినవాళ్లకి అన్నీ తెలియాలని ఏముందక్కా?” అన్నాడు జాలిగా.

నేను స్క్రూడ్రైవర్ వాడి మీద విసరకుండా సంచిలో పెట్టుకోవడం నా జీవితంలో చేసిన గొప్ప త్యాగాల్లో ఒకటి.

అక్క ముందే వెళ్లింది. నిచ్చెన భుజానేసుకుని నేను బయల్దేరితే, వద్దన్నా వాడు వెంటపడ్డాడు. ఎండ మండుతుంటే మెడ దాకా గుండీలు పెట్టిన నల్ల కోటు, కళ్లు కప్పేసే టోపీ. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

“ఈయనెవరు?”

“నిచ్చెన పట్టుకోవడానికి తెచ్చుకున్నా” అన్నాను.

భూతద్దం అతని చెవి దగ్గరికి వంగి, “నన్ను మీరు చూడలేదు” అన్నాడు.

“చూశాను కదండీ.”

“చూడలేదనుకోండి.”

“అనుకుంటే గేటు తియ్యను. లేని మనిషికి గేటెందుకు?”

ఐదు ఖండాల నేరస్థుల్ని వణికించాల్సిన మేధావి గేటు ముందే ఓడిపోయాడు. నేను నిచ్చెన రెండో కొస వాడి భుజాన పెట్టాను. అప్పుడు వదిలారు.

లోపల బొమ్మల హాలు. వరసలు వరసలుగా కంప్యూటర్లు, వాటి ముందు వంగిన మెడలు. పైన అద్దాల గది, అందులో యజమాని. అక్కణ్ణుంచి ఆయనకి అందరూ కనిపిస్తారు. కింద ఎవరైనా తలెత్తితే పని ఎగ్గొట్టినట్టు లెక్క. అందుకే అక్కడ ఎవరూ తలెత్తరు.

భూతద్దం పరిశోధన మొదలెట్టాడు. చిలుకను గీసినతని వెనక నిలబడి, “చిలుక ఎక్కడ?” అన్నాడు.

“ఏ చిలుకండీ?”

“అమాయకత్వం బాగా అభ్యాసం చేశారు.”

“భోజనానిక్కూడా లేవలేదండీ, అభ్యాసానికి టైమెక్కడిది?” అన్నాడతను, తల తిప్పకుండానే.

తర్వాత భూతద్దం చెత్తబుట్టలో చెయ్యి పెట్టి నల్లగుడ్డ ముక్కొకటి పైకెత్తాడు. స్క్రీన్లు తుడిచే గుడ్డ అది. “ఒరేయ్, కట్టు దొరికింది. తమ్ముడు ఈ భవనంలోనే ఉన్నాడు” అని నా చెవిలో బుసకొట్టాడు. నేరస్థుడిలా ఆలోచించాలంటే నేరస్థుడిలా చూడాలని, ఆ దుమ్ముగుడ్డను కుడి కంటికి కట్టుకున్నాడు. రెండు కళ్లతోనే ఏమీ కనపడనివాడు ఒక కంటితో నాలుగడుగులు వేసి, పక్కనే ఉన్న మీటింగు హాలు అద్దం తలుపుకి నుదురు కొట్టుకున్నాడు.

“లోపల్నుంచి ఎవరో నన్ను ఎదుర్కొన్నారు” అన్నాడు నుదురు పట్టుకుని.

“నీ నీడరా అది.”

“నీడకి ఇంత బలం ఉండదు.”

తలుపు తీసి వాణ్ణి లోపలికి తోశాను. మేం చెత్తబుట్ట తవ్వుతుండగానే అందరూ లేచి మీటింగుకి చేరారు. హాలు చివర మిణుకుమనే దీపం ఒకటుంది. దాని కింద నిచ్చెన వేసి, కదలకుండా పట్టుకోరా అని చెప్పి ఎక్కాను. వాడు పట్టుకోలేదు. రెండో వైపు నుంచి వాడూ ఎక్కాడు.

ఎదురుగా పెద్ద తెర. ట్రైలర్ అయిపోవడం, మళ్లీ మొదలవడం. అందులో యజమాని నావికుడి భుజం మీద చెయ్యేసి, “వస్తున్నాడు” అంటాడు. పైన కంపెనీ పేరు మెరుస్తుంది. తెర ముందు అదే యజమాని నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన మా అక్క. ముందు వరసలో వీడియోలు కత్తిరించే ఎడిటర్, యజమానికి స్వయానా బావమరిది.

“ఈ కంపెనీ ఒక కుటుంబం. కుటుంబంలో అజాగ్రత్తకి చోటు లేదు. ఎనిమిది భాగాలుగా కాపాడుకున్న కన్ను ఈవిడ చేతిలో పోయింది” అని మొదలెట్టాడు యజమాని.

పని పడ్డప్పుడు పొద్దుపోయేదాకా కూర్చోబెడతాడు, అప్పుడూ కుటుంబమే. తీసెయ్యాలన్నా కుటుంబమే. అంతమంది అక్కడున్నారు, ఒక్కరైనా నోరు విప్పితే ఒట్టు. అందరి చూపులూ చెప్పుల మీదే.

“సార్, నేను గీసింది ఎడమ కంటికే” అంది అక్క.

“తెర మీద కనిపిస్తోంది కదమ్మా. నా కళ్లు అబద్ధం చెబుతాయా? రేపటి నుంచి నువ్వు...”

“ఆగండి. ఈ హాల్లో ఒక మోసగాడున్నాడు.”

నిచ్చెన మీంచి. నల్ల కోటు, ఒక కంటికి దుమ్ముగుడ్డ, నుదుటి మీద బొప్పి.

“ఎవడ్రా వాడు?” అన్నాడు యజమాని.

“ఆ ప్రశ్న నేను నిన్నడగాలి. నువ్వెవరు?”

“నేనెవరేంట్రా? ఈ కంపెనీ ఓనర్ని.”

“కాదు. ఓనర్ తెర మీదున్నాడు.” భూతద్దం చెయ్యి చాచాడు, నిచ్చెన ఊగింది, నేను గోడ పట్టుకున్నాను. “ఆయన గడియారం కుడిచేతికుంది. నీది ఎడమచేతికుంది. ఆయన పాపిట కుడి పక్క, నీది ఎడమ పక్క. ఆయన జేబు కుడి వైపుంది. నీది గుండె మీదుంది. ముఖం కలిసింది కదా అని లోకాన్ని నమ్మించగలవు గానీ నన్ను కాదు. చెప్పు, అసలు ఓనర్ని ఎక్కడ దాచావు? ఏ సముద్రంలోకి తోశావు?”

నేను కళ్లు మూసుకున్నాను. అక్క ఉద్యోగంతో పాటు నాదీ పోయిందనుకున్నాను.

కానీ కింద ఏదో కదిలింది. తలలు లేస్తున్నాయి. ఒకటి, దాని పక్కది, ఆ వెనకది. అంతమందిలో యజమాని ముఖాన్ని నిదానంగా చూసే ధైర్యం అంతవరకూ ఎవరూ చేయలేదు. ఇప్పుడు తెరని చూస్తున్నారు, మనిషిని చూస్తున్నారు, మళ్లీ తెరని చూస్తున్నారు.

ముందు వరసలో బావమరిది లేచి నిలబడ్డాడు.

“అయ్యో, దాచడమేంటండీ, తొయ్యడమేంటండీ. ఆయనా ఈయనా ఒక్కరే. ఎడమ కుడి అయ్యేలా వీడియో నేనే తిరగేశాను. బావే తిరగెయ్యమన్నాడు.”

“నోర్ముయ్యరా” అన్నాడు బావ.

“పోలీసులొస్తే పట్టుకునేది నన్నే కదా బావా. నువ్వే కదా అన్నావు, ముఖం వంకరగా ఉంది, ఇది నా ముఖం కాదు, పొద్దున అద్దంలో కనిపించేలా చెయ్యమని. తిరగేసి చూపిస్తే, ఆ, ఇప్పుడు నేనేనన్నావు. పక్కనున్నవాడి కన్ను కూడా తిరుగుతుందని నాకు తట్టలేదు. కంపెనీ పేరు తర్వాత అతికించాను, అందుకే అక్షరాలు తిన్నగా ఉన్నాయి.”

రోజూ అద్దంలో మురిసిపోయే మనిషికి, ఊరంతా చూసే తన ముఖం నచ్చలేదు. ఆ మాత్రం దానికి ఒక మనిషి బతుకు మీదికి తెచ్చాడు.

యజమాని చొక్కా సర్దుకున్నాడు. అలాంటి మనుషులు దేన్నుంచైనా తేరుకుంటారు. “సరే. ఇదీ మంచిదే. నావికుడికి కవల తమ్ముడున్నాడని బయట జనం ఫోన్లలో తెగ మాట్లాడుకుంటున్నారట కదా, కావాలనే చేశామందాం. తమ్ముడి కథ పెట్టేద్దాం. పదండి, పని చూడండి.”

ఎవరూ కదల్లేదు. అక్క అస్సలు కదల్లేదు.

“అజాగ్రత్త అని అందరి ముందూ అన్నారు. అందరి ముందే వెనక్కి తీసుకోండి.”

“అయిపోయింది కదమ్మా.”

“మీకు అయిపోయింది. తమ్ముణ్ణి గీయాల్సింది నేనే కదా. ముందు మాట చెప్పండి, తర్వాత గీస్తాను.”

చిలుకను గీసినతను నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు. అతన్ని చూసి పక్కావిడ కూర్చుంది. తర్వాత వరస మొత్తం. పొద్దున్నుంచీ కుర్చీల్లో వంగి వంగి ఉన్న మెడలు కాబట్టి, నేల మీద హాయిగానే ఉన్నట్టుంది. యజమాని గడియారం చూసుకున్నాడు, బావమరిదిని చూశాడు, తలుపుని చూశాడు. తలుపు దగ్గర కూడా కూర్చున్నారు.

“తప్పు నీది కాదు” అన్నాడు చివరికి.

“వెనకాల వినపడలేదండీ” అందొకావిడ.

“తప్పు ఆవిడది కాదు. నాది.”

అక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, తన కుర్చీ వైపు నడిచింది. నేను నిచ్చెన మడిచి, చప్పట్లు ఎందుకు కొట్టట్లేదా అని చూస్తున్న భూతద్దాన్ని బయటికి ఈడ్చుకొచ్చాను.

గేటు దాటాక నా ఆనందం ఆగలేదు. “ఒరేయ్, ఏమీ అర్థం కాకుండానే కేసు తేల్చేశావురా. వీడియో తిరగేశారు, అంతే. కవలా లేడు, కాకరకాయా లేదు. వాడే ఒప్పుకున్నాడు కదా.”

భూతద్దం కంటి గుడ్డ విప్పి, నా వంక జాలిగా చూశాడు.

“అక్కడే నువ్వు పప్పులో కాలేశావు. తప్పు నాది అని అందరి ముందూ ఒప్పుకున్న ఓనర్ని నీ జన్మలో ఎక్కడైనా చూశావా? లోపలున్నది ముమ్మాటికీ నకిలీవాడు.”

ఇన్నేళ్ల స్నేహంలో మొదటిసారి వాడి సిద్ధాంతం నమ్మి, ఓనర్ పాపిట ఏ పక్కనుందో ఇంకోసారి చూసి రావడానికి నేను వెనక్కి నడిచాను.