మూడువందల పన్నెండవ గరిటె విజయము

హేమంత శీతల సమీరములు ఛత్తీస్‌గఢ ధరాతలమును గడగడ వణికించుచుండ, ఉర్లా ఉక్కు కర్మాగారముల ధూమస్తంభములు గగనమును దూసుకొని పోవుచుండ, రాయపూర్ నగరోపాంతమున, రెండువేల పందొమ్మిదవ సంవత్సర డిసెంబరు మాసమున, ఒకానొక మంగళవారము ఉదయము తొమ్మిదిన్నర గంటలకు, గరిటె నిమిత్తము ఘోరసంగ్రామము సంభవించెను. చెవులు రిక్కించి వినుడు!

సైనిక వంటశాలలకు గరిటెలు చేయు చిన్న కర్మాగారమున పైడమ్మ యను వీరనారి కలదు. రైలుపట్టాల పనికై శ్రీకాకుళము విడిచి వచ్చిన తాతకు ముద్దుల మనుమరాలగు ఆ యంత్రధారిణి, ప్రతి గరిటె కాడపైనను, లోకమున మరి దేనికిని లేని సంఖ్యను సూక్ష్మబిందువుల చదరముగా పొడుచుటయందు అద్వితీయ. ఏలయన, చెరగని గుర్తు ప్రతి వస్తువునకును ఉండవలెననియు, దానిని స్కానరు చదివి తీరవలెననియు కొనుగోలు పత్రమందలి కఠోర శాసనము. ఒక్క గరిటె చదవబడకున్నను ఈ విడత మూడువందల పన్నెండు గరిటెలును వెనుకకు మరలును. ఈ నెలాఖరున పైడమ్మను పర్మినెంటు చేయుదునన్న యజమాని భీమారావు మాటయు ఆ గరిటెలతో పాటే మరలును.

తనిఖీ అధికారి మురళీమోహన్, ఉపనేత్రభూషితుడు, నిబంధనైకనిష్ఠాగరిష్ఠుడు, స్కానరును ఖడ్గమువలె ఎత్తెను. కుయ్! పచ్చదీపము. కుయ్! పచ్చదీపము. ఇట్లు మూడువందల పదకొండు గరిటెలు వరుసగా గెలువగా, కడపటి దానికి ఎర్రదీపము వెలిగెను.

"ఇది పడట్లేదమ్మా. రిజెక్టే," అనెను అధికారి.

పైడమ్మ చటాలున గరిటెను లాగుకొనెను. ఎత్తి చూడగా చుక్కలు చక్కగనే యున్నవి. కాని కాడ అద్దమువలె తళతళలాడి ఆమె కన్నులకే మిరుమిట్లు గొలిపెను. ఆమె చూపు గరిటెలకు మెరుగుపట్టు పరదేశి యను కుర్రవానివైపు మరలెను.

"ఏటి సేసినావురా?"

"ఆఖరిది గదక్కా! జర ప్యార్‌సే పాలిష్ కొట్టినాను. మిలిట్రీవోళ్లు మొకం సూసుకుంటారని..."

ఆ దుర్నిరీక్ష్య తేజమే శత్రువు! పైడమ్మ వెలుగునకు కొంగు అడ్డుపెట్టెను: ఎర్రదీపము. భీమారావు స్వయముగా ఛత్రధారియై నిలిచెను: ఎర్రదీపము. పదునొకొండు మంది కార్మికులు టార్పాలిను పందిరి పట్టిరి. లోపల అధికారికి ఊపిరాడలేదు గాని దీపము మాత్రము ఎర్రగనే నవ్వెను.

"సుద్దపొడి రాసేద్దాం సాబ్," అని భీమారావు బతిమాలగా, అధికారి అరచేయి చూపెను. "కుదరదండీ. పొడి, నూనె, రంగు, ఏదీ పూయకూడదు. రూల్లో ఉంది."

అంతట పైడమ్మ ఖాళీ పెట్టెపైకెక్కి, గరిటెను ఆకసమునకెత్తి, ఉర్లా దద్దరిల్లునట్లు గర్జించెను:

"ఇనండి బాబూ! మూడొందల పదకొండింటికి నంబరెట్టిన సెయ్యిది! నాకే ఇంకా కార్డు నంబరు లేదు గానీ, నా సేత పొడిపించుకున్న గరిటె నంబరు లేకుండా ఎలిపోద్దా? నేనుండగా పోదు!"

అని, పొట్ట నిండుగా గాలి పీల్చి, కాడపై 'హా' యని ఊదెను. చలికి గడ్డకట్టిన ఉక్కుపై ఆ నిశ్వాసము మంచుతెరయై పరచుకొనెను, తళుకు మాసెను, చుక్కలు నల్లనై లేచెను. కుయ్! పచ్చదీపము!

"ఆగండి," అనెను అధికారి, ఓడిపోవుటకు మనసొప్పక. "రేపు సైన్యంలో స్కాన్ చేసేటప్పుడు ఎవరు ఊదుతారమ్మా?"

"గరిటె సేతబట్టినోడు ఊదకుండా ఉంటాడేటి సారూ? పప్పు రుచి సూడొద్దా?"

అధికారి మీసము మొదట వణికెను, పిదప ఎగిరెను, ఆపై ఆయన మొత్తముగా కుర్చీలో కూలి నవ్వెను. నవ్వుచునే నిబంధనల పత్రమును ముందునుండి వెనుకకు, వెనుకనుండి ముందుకు తిరగవేసెను. పొడి కలదు. నూనె కలదు. రంగు కలదు.

"ఊపిరి లేదు," అని కన్నులు తుడుచుకొనెను. "ఏదీ, ఇంకోసారి ఊదు."

'హా!' కుయ్! పచ్చదీపము!

"పాస్!"

పరదేశి చిందులు త్రొక్కెను. భీమారావు ఛత్రము ముడుచుట మరచి, "పైడమ్మా, రేపు రెండు ఫోటోలు పట్టుకురా, కార్డు కొట్టించాలి," అనెను. పైడమ్మ మిగిలిన ఊపిరితో ఆ గరిటెను మరియొకమారు ఊది పెట్టెలో సర్దెను.

గరిటెలనెత్తుకొని లారీ గర్జించి భన్‌పురి మార్గము పట్టెను. ఇట్లు, మూడువందల పన్నెండవ గరిటె మూడువందల పన్నెండవ గరిటెయే గాని, మూడువందల పదకొండవది ఎంతమాత్రమును కాదని, సకల సేనావాహినికిని నిస్సంశయముగా రుజువయ్యెను!