వీరు మీకు తెలుసా?

ఫోటోలకు మెరుగులు దిద్దే టచింగ్ మాస్టారు ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా వెబ్‌సైట్ పెట్టేయాలి, సాయంత్రం తన ఫోటో స్టూడియో తాళాలు దాన్ని కొనుక్కున్న కొత్తవాళ్ళ చేతిలో పెట్టేయాలి. ఫోటో దిగి, తీసుకెళ్ళడం మరిచిపోయిన వాళ్ళు బీరువా నిండా మిగిలిపోయారు. బోసినోటి పాపలు, బిగుసుకుపోయిన కొత్త జంటలు, ఉద్యోగం కోసం ఊపిరి బిగబట్టిన కుర్రాళ్ళు. ఏ ఒక్కటి తీసి చూసినా ఆనాటి దీపాల వేడి మొహానికి తగిలినట్టే ఉండేది ఆయనకు. సొంతదారులు రాకపోతే వాళ్ళంతా రేపు చెత్తబండి ఎక్కుతారు. ఆ సంగతి తలుచుకుంటే ముద్ద దిగడం లేదు.

"అన్నీ సైట్లో పెడదాం నాన్నా. చూసినవాళ్ళు వాళ్ళే పరిగెత్తుకొస్తారు," అంది కూతురు. సైటుకు చోటు అద్దెకిచ్చే కంపెనీని వెతికింది. పైన ఉండాల్సిన మాట తండ్రి చేతే చెప్పించి టైపు చేసింది: "వీరు మీకు తెలుసా? తెలిస్తే వెంటనే స్టూడియోకు రండి." అక్కడితో ఆగినా బాగుండేది. సైటు పుట్టకముందే దాని చిరునామా పాత ఖాతాదారులందరికీ ఫోన్లో పంపేసి, తన ఆఫీసుకు తను వెళ్ళిపోయింది.

కంపెనీవాళ్ళు ముందుగా మాస్టారు మనిషేనని రుజువు అడిగారు. బొమ్మను గడులుగా కోసి, మోటారు సైకిలున్న గడులన్నీ నొక్కమన్నారు.

"ఈ గడిలో అద్దం అంచు ఉంది," అన్నాడు మాస్టారు, కళ్ళజోడు పైకి తోసుకుని.

"అంచుతో మనకేం పనండీ? బండి ఉందా లేదా చూడండి," అంది భార్య.

"అంచు వదిలేస్తే అది ఫోటో ఎలా అవుతుందే?"

అంచులన్నీ నొక్కిన పాపానికి ఆయన మనిషి కాదని తేలింది. కాదూ కూడదూ మనిషినే అంటే గుర్తింపు కార్డుతో పాటు ఇప్పటి ఫోటో ఒకటి పంపమన్నారు. మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. ఊళ్ళో అందరి ఫోటోలూ తీసిన మనిషికి, కార్డు మీదున్నది తప్ప తన ఫోటో లేదు! ఆల్బములన్నీ తిరగేస్తే, ప్రతి వేడుకలోనూ చుట్టాలంతా ఉన్నారు, ఆయన తప్ప. పెళ్ళి ఫోటో ఒకటి దొరికింది గానీ, అందులోని మీసాలాయన్ని పక్కనున్న పెళ్ళికూతురే ఇప్పుడు గుర్తుపట్టేలా లేదు.

"లేచి ఆ స్టూలు మీద కూర్చోండి. నేను తీస్తాను," అంది ఆ పెళ్ళికూతురు.

ఇన్నేళ్ళలో ఆయన ఆ స్టూలెక్కడం అదే మొదలు.

"గడ్డం కాస్త దించండి. అంత కాదు. నవ్వండి."

"నవ్వుతూనే ఉన్నానుగా!"

"పన్ను పీకించుకుంటున్నట్టుంది."

"జనాన్ని ఇన్నాళ్ళూ ఇంత హింస పెట్టానా నేను?" అన్నాడు మాస్టారు. నిజంగానే జాలేసింది ఆయనకు, అందరి మీదా.

ఫోటో వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు పంపేస్తే పోయేది. కానీ అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? కళ్ళకింద ముడతలు తీసింది, బుగ్గ మీది పుట్టుమచ్చ చెరిపింది, నుదుటికి కాస్త జుట్టు కూడా ప్రసాదించింది. ఫోటోలో ఉన్నదీ కార్డులో ఉన్నదీ ఒకరు కారనీ, మోసం జరుగుతోందేమోనని ఖాతా ఆపేశామనీ కంపెనీ జవాబిచ్చింది.

"నేనే నేను కాదంటాడేమిటి వీడు?"

"నాకూ అనుమానంగానే ఉంది. ఎవరండీ ఈ కుర్రాడు?" అంది భార్య.

కూతురికి ఫోన్ చేస్తే, "ముందు ఆ పుట్టుమచ్చ పెట్టెయ్ నాన్నా!" అని అరిచింది. పెట్టాడు. నెగెటివ్‌ల మీద కుడిఎడమలు తిరగేసి పనిచేసిన చెయ్యి కావడంతో అది రెండో బుగ్గ మీదకి చేరింది. కంపెనీ ఈసారి మరీ కఠినంగా మాట్లాడింది.

చివరికి భార్య కంప్యూటర్ లాక్కుంది. టచింగ్ లేని ఫోటోను, రుజువుకు ఏదో సైటుకు ఏదో చూడకుండా, కనిపించిన ప్రతి గడిలోనూ పెట్టి నొక్కేసింది. పొద్దు వాలుతుండగా సైటు తెరుచుకుంది. అందులో బీరువాలోని ఒక్క మొహమూ లేదు. పన్ను పీకించుకుంటున్న మాస్టారు ఒక్కడే ఉన్నాడు. పైన "వీరు మీకు తెలుసా?" అని పెద్ద అక్షరాలు.

ముందుగా దర్జీ పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, మాస్టారు కనబడ్డం లేదటగా!" అంటూనే ఎదురుగా ఆయన్ని చూసి తెల్లబోయాడు. వెనకే బడి పంతులమ్మ, ఆవిడ వెనక ఊరు ఊరంతా వచ్చింది. వెతకడానికి టార్చిలైట్లు తెచ్చినవాళ్ళయితే, మనిషి స్టూడియోలోనే ఉన్నందుకు కాస్త నొచ్చుకున్నారు కూడా.

మాస్టారు మాత్రం దర్జీ మొహం వైపే చూస్తున్నాడు. "నువ్వాగు. రెప్ప వేశావని రెండుసార్లు తీశానే, నీ పెళ్ళి ఫోటో!" అని బీరువా తలుపు లాగాడు. ఒక్కొక్క మొహమే చూడటం, అప్పటి మొహాన్ని తీసి చేతిలో పెట్టడం. పంతులమ్మ తన రెండు జడల ఫోటో పట్టుకుని, అందులో పక్కనున్న వాళ్ళమ్మను చూసి ఏడ్చేసింది. ఆవిణ్ణి చూసి మాస్టారూ ఏడ్చాడు. తాళాల కోసం వచ్చిన కొత్తవాళ్ళు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డారు. బీరువా ఖాళీ అయింది.

మర్నాడు కంపెనీ నుంచి సలహా వచ్చింది: మీ సైట్లోని ఫోటో బాగాలేదు, దగ్గర్లో ఉన్న మంచి ఫోటోగ్రాఫర్‌ను సంప్రదించండి. మాస్టారు పడీపడీ నవ్వాడు గానీ, ఆ ఫోటో తీసినావిడ మాత్రం ఆ కంపెనీ పేరెత్తితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటుంది.