భల్లయ్య డబ్బా

ఒక పెద్ద అడవిలో చెట్లకన్నా పదవులు ఎక్కువ. అధ్యక్షుడు అడవిపంది వరహాలరావు. ఉపాధ్యక్షుడు ఎలుగుబంటి భల్లయ్య. ఇద్దరికీ పడదు. పోయిన వేసవి పోస్టరులో పంది బొమ్మ గుమ్మడికాయంత, భల్లయ్య బొమ్మ రేగుపండంత వేశారు. భల్లయ్య అది మరిచిపోలేదు. మరిచిపోవడమనేది ఆయన ఇంటావంటా లేదు.

ఈ ఏడాది వాగులన్నీ ఎండి ఒక్క మడుగు మిగిలింది. కొండవతల జింకలు నీళ్లకోసం వస్తున్నాయి, వాటికి తెలిసేలా మడుగు దారిలో పోస్టరు పెడదామని సభ చేశారు. తన కుర్చీ పంది కుర్చీకన్నా పొట్టిగా ఉందని భల్లయ్య సభ మొదలవకముందే లేచి వచ్చేశాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఆయనకు తెలియదు. అడగడం నామోషీ.

మర్నాడు తేనెపట్టు చంకన పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. కంప్యూటరు ముందు కొండముచ్చు చింతాలు తోకతో వీపు గోక్కుంటున్నాడు.

"పోస్టరు అయిందా?"

"అయింది బాబాయ్. పైన అధ్యక్షుల వారి డబ్బా, కింద ఒక లైను."

"డబ్బా ఏమిట్రా?"

"టెక్స్ట్ బాక్స్ అంటారులే. మేం డబ్బా అంటాం. అందులో ఎవరి గొప్పలు వాళ్లు రాసుకోవచ్చు."

"ఓహో, సొంత డబ్బా అంటే ఇదన్నమాట!" భల్లయ్య తేనెపట్టు బల్లమీద పెట్టాడు. "నాకూ ఒకటి కొట్టు."

చింతాలు ఇన్సర్ట్ నొక్కి, మౌసు పట్టుకు లాగాడు. తెరమీద డబ్బా మొలిచింది. అందులో 'జలదాత భల్లయ్య' అని కొట్టి, పళ్లికిలిస్తున్న బొమ్మ అతికించాడు.

"పెంచు."

మూల పట్టుకు లాగితే పెరిగింది.

"పందిగాడి దానికన్నా పెద్దదయిందా? అయితే నడిమికి జరుపు."

అంచు పట్టుకు జరిపితే జరిగింది. "బాబాయ్, లైను నడుంమీద కూర్చుంటోంది. అటు రెండు మాటలు, ఇటు రెండు మాటలే మిగులుతాయి."

"కూర్చోనీ. నా వెనకనుంచి ఆ అక్షరాలు తొంగిచూస్తున్నాయేం, దొంగల్లా?"

"డబ్బాకి రంగు పొయ్యలేదు కదా! పసుపు పొయ్యనా?"

"దిట్టంగా పొయ్యి."

పోశాడు. అక్షరాలు మాయమయ్యాయి.

"ఇంతకీ ఆ లైనులో ఏముందిరా?"

"నేను టైపు కొడతానుగానీ చదవను బాబాయ్," అన్నాడు చింతాలు తేనె నాకుతూ.

జింకలు వచ్చాయి. భల్లయ్య పోస్టరు ముందు నిలబడి, వచ్చిన నాలుగక్షరాలూ కూడదీసుకున్నాడు. "తూ...ర్పు... రే...వు...లో..." డబ్బాను ముద్దుగా చూసి, దాటాడు. "నీ...ళ్లు... తా...గం...డి. విన్నారా! తూర్పు రేవు! పదండి నా వెంట!"

"అయ్యా, పిల్లల నాలుకలు పిడచకట్టుకు పోతున్నాయి, ముందు వాళ్లని దిగనివ్వండి," అంది పెద్ద జింక.

"ఆగవమ్మా! పోస్టరులో ఉన్నదెవరు? మొదటి గుక్క నాది. తర్వాతే ఎవరైనా."

జింకలకు మొహం చూపిస్తూ, తన గొప్పలు చెప్పుకుంటూ, భల్లయ్య వెనక్కి వెనక్కి నీళ్లలోకి దిగాడు. నీళ్లు కదిలాయి. మొసలి వచ్చి పిర్ర అందుకుంది. అది కూడా పోస్టరు చూసినట్టుంది, వెతుక్కోకుండా జలదాతనే పట్టింది.

జింకలు చెల్లాచెదురై, పడమటి రేవు చేరి, కడుపారా తాగాయి. భల్లయ్య కొంత పిర్ర అక్కడే వదిలేసి బయటపడ్డాడు.

ఆస్పత్రిలో బోర్లా పడుకున్న ఆయన దగ్గరికి చింతాలు వచ్చాడు.

"ఇప్పుడు చదివాను బాబాయ్. ఆ లైను 'తూర్పు రేవులో మొసలి ఉంది. పడమటి రేవులో నీళ్లు తాగండి' అని. మీ డబ్బా సరిగ్గా మొసలి దగ్గర మొదలై పడమటి రేవు దాకా కూర్చుంది."

భల్లయ్య మూలిగాడు. "ఆ ఎదురుగోడ మీదేమిట్రా?"

"అధ్యక్షుల వారు మీకోసం కొట్టించిన పోస్టరు. 'భల్లయ్య గారు త్వరగా కోలుకుని ఇంటికి పోవాలి' అని రాయమన్నారు."

"పందిగాడికి ఈపాటి బుద్ధి ఉందా?" భల్లయ్య మెడ ఎత్తాడు. లైను నడుంమీద పంది డబ్బా గుమ్మడికాయంత కూర్చుని ఉంది, ఎర్రరంగు దిట్టంగా పోసుకుని. ఆయన కూడబలుక్కున్నాడు.

"భల్లయ్య గారు... త్వరగా... పోవాలి."

పిర్ర మంట మరిచిపోయాడు. "ఒరే చింతాలూ! దానిమీద నాదొక డబ్బా కొట్టరా!"

నీతి: సొంత డబ్బా ఎంతయినా కొట్టుకోవచ్చు, రంగు పొయ్యకుండా కొట్టుకుంటే చాలు.