అంకె ఉన్న చెట్టు చావరాదు

పోర్చుగల్ పౌరుడు ఎప్పుడు పడితే అప్పుడు చచ్చిపోవచ్చు. ఆ స్వేచ్ఛకు రాజ్యం ఏనాడూ అడ్డు రాలేదు. కార్కు చెట్టుకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. అది జాతీయ వృక్షం, దానికి చట్టం అండ ఉంది. ఎండి మోడైపోయి, కాకి కూడా వాలడం మానేసినా సరే, వృక్ష ప్రాణస్థితి నిర్ధారణ కార్యాలయం ముద్ర వేసేదాకా అది బతికున్నట్టే లెక్క. (ముద్ర వేసే ఉద్యోగి బతికున్నాడా లేదా అన్నది వేరే విభాగం చూసుకుంటుంది.)

మా అలెంతేజు ప్రాంతంలో ఈ చెట్టు బెరడు ఒలిచి సీసాలకు బిరడాలు చేస్తారు. ఒలుపు తొమ్మిదేళ్లకు ఒకసారి. ఒలిచిన ఏడాది చివరి అంకెను మాను మీద తెల్లరంగుతో రాస్తారు. 2021లో ఒలిస్తే 1 అని రాస్తారు, ఇక 2030 దాకా దాని జోలికి ఎవరూ పోరు. సంతకం పెట్టడం రాని మా తాతలు కూడా ఈ ఒక్క అంకెతో ఏ పొరపాటూ లేకుండా బతికేశారు. తర్వాత ఆ అంకెను కంప్యూటరుకు నేర్పించారు.

మా పక్కింటి ఫెలిజ్మినా పిన్నికి ఊరి వెనక వాలు మీద రెండు వందల నలభై చెట్లున్నాయి. (ఊరంతా ఆమెను పిన్ని అనే పిలుస్తుంది, ఆమెకన్నా పెద్దవాళ్లతో సహా.) వరసగా మూడు శీతాకాలాలు వాన మొహం చాటేసింది. ముప్ఫై ఒక్క చెట్లు నిలువునా ఎండిపోయాయి. అంతటితో ఆగితే ఏడ్చి ఊరుకునేది. కానీ ఎండిన మానులో తొలిచే పురుగు చేరుతుంది. నీళ్లు తాగిన చెట్టైతే తన రసంతోనే ఆ పురుగును బయటికి నెట్టేస్తుంది, దాహంతో ఉన్న చెట్టుకు ఆ ఓపిక ఉండదు. జూన్‌లో పురుగు రెక్కలు కట్టుకుని ఎగిరేలోగా ఆ ముప్ఫై ఒకటీ కొట్టేస్తే మిగతా రెండు వందల తొమ్మిదీ దక్కుతాయి. పిన్నికి కావలసింది ఆ రెండు వందల తొమ్మిదే.

జనవరిలో, ఎండినవి కొట్టడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు పట్టుకుని పట్నంలో ఆ కార్యాలయానికి వెళ్లింది, తోడుగా నేనూ వెళ్లాను. టోకెన్ తీసుకుని మూడు గంటలు కూర్చున్నాక ఇంజనీరు క్వరెజ్మా గారు పిలిచారు. తెర మీద చూసి జాలిగా తలూపారు.

"అమ్మా, ఈ చెట్లన్నిటికీ 2030లో ఒలుపు ఉంది."

"ఉంటే?"

"ఒలుపు ఉన్న చెట్టు ముందే ఎలా పోతుందండీ? కంప్యూటరు ఒప్పుకోదు."

"వచ్చే నెల పళ్ల డాక్టరు నన్ను రమ్మన్నాడు బాబూ. అంటే అప్పటిదాకా నేను పోనా?"

"మీది ఆరోగ్యశాఖమ్మా. మా పరిధిలోకి రారు."

మరణ కారణం అన్న గడిలో పిన్ని 'కరువు' అని రాయించింది. అదీ చెల్లలేదు. జిల్లాలో కరువు లేదట. వానను కొలిచే గొట్టం కార్యాలయం పచ్చిక మధ్యలోనే ఉంది. ఆ గొట్టం లెక్క ప్రకారం మొన్న ఆగస్టులో కూడా ప్రతి మంగళ, శుక్రవారాలు పొద్దున్నే ఆరింటికి పది నిమిషాలసేపు మంచి వాన కురిసింది. తోటమాలి పచ్చికకు పైపుతో నీళ్లు కొట్టేదీ ఆ రోజుల్లోనే, ఆ వేళకే. ఈ సంగతి మనవి చేసుకున్నాను. తోటమాలి ఉద్యానశాఖ మనిషని, అతని మీద వ్యాఖ్యానించే అధికారం తమకు లేదని ఇంజనీరు గారు చెప్పారు.

అయినా నిష్పాక్షికంగా ఉండాలని మార్చిలో తనిఖీకి వచ్చారు. ఒలుపు పనిలో నలభై ఏళ్లు పండిన జెఫెరీనో మేస్త్రీ గొడ్డలి తిరగేసి ఒక మానును కొట్టి వినిపించాడు. డొల్ల చప్పుడు. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని పురుగు చేసిన కన్నాల మీద పెట్టించింది. ఇంజనీరు గారు చెయ్యి తుడుచుకుని ఇలా రాసుకున్నారు: 'ఆకులు స్వచ్ఛందంగా రాల్చి నీటి వాడకం పూర్తిగా తగ్గించుకున్నది. బాధ్యత గల ప్రవర్తన.'

"ఇంజనీరు గారూ," అన్నాడు మేస్త్రీ, "పీనుగ కూడా అన్నం దండగ చెయ్యదండీ."

అది కూడా రాసుకున్నారు, సాక్షి వాంగ్మూలం కింద.

ఇక్కడ మేము చేసిన తప్పు ఒకటుంది, దాచను. ఒలుపు వృత్తిలో పుట్టినవాడికి తప్ప రాని ఆలోచన అది. ఆ సాయంత్రం వెల్లుల్లి, రొట్టె వేసిన పులుసు తాగుతూ మేస్త్రీ అన్నాడు: "పిన్నీ, అంకెతోనే కదా తంటా? 1ని 6 చేసేద్దాం. 2016లో ఒలిచినట్టు అవుద్ది, అంటే ఈ ఏడే ఒలుపు. చచ్చిన చెట్టు బెరడు ఎటూ ఊడిరాదు. అప్పుడు నమ్మక చస్తారా?"

పిన్ని రంగు డబ్బా తెచ్చింది, నేను పట్టుకున్నాను. ముప్ఫై ఒక్క మానుల మీద ముప్ఫై ఒక్క ఆరులు. (ప్రభుత్వ పత్రాలు దిద్దడం నేరం. మాను పత్రమా కాదా అన్నది ఇంకా తేలలేదు.)

కార్యాలయం సంతోషించింది. 'అంకె సవరణ స్వీకరించబడినది, వెంటనే ఒలవగలరు' అని ఉత్తరం వచ్చింది. మే నెలలో మేస్త్రీ ఒలిచాడు. బెరడు ఊడలేదు, పెళ్లలు పెళ్లలుగా విరిగింది. ఫొటోలు తీసి పంపాం. జవాబు మూడు వారాలకు వచ్చింది: 'ఈ ఏటి ఒలుపు విఫలమైనందున తదుపరి ఒలుపు తొమ్మిదేళ్లు వాయిదా వేయడమైనది. సదరు వృక్షములు 2034 వరకు సజీవములు.'

మా తెలివితేటల పుణ్యమా అని చచ్చిన చెట్లకు నాలుగేళ్లు ఆయుష్షు పెరిగింది.

జూన్‌లో పురుగు ఎగిరింది. దానికి ఏ అనుమతీ అక్కర్లేదు. బతికున్న చెట్ల మొదళ్లలో రంపపు పొట్టు లాంటి పొడి రాలడం మొదలైంది. పిన్ని రోజూ పొద్దున్నే వాలెక్కి, పొడి కనిపించిన చెట్టుకల్లా ఒక గుడ్డపీలిక కట్టి వచ్చేది. మొదటి వారం తన పాత గౌను చింపింది. ఆగస్టుకు ఇంట్లో దుప్పట్లు అయిపోయాయి. ఆ పీలికలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. పట్నం వెళ్లి ఆ కార్యాలయం ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. తిట్లకు వేరే కిటికీ ఉందన్నారు.

ఆ శీతాకాలమూ వాన రాలేదు. మరుసటి వేసవి చివరికి వాలు మీద పచ్చటి కొమ్మ ఒక్కటి లేదు.

సెప్టెంబరులో పిన్నికి ఉత్తరం వచ్చింది. కళ్లజోడు కనబడక నన్ను చదవమంది. 'ఉపగ్రహ ఛాయాచిత్రం ప్రకారం సదరు వాలు మీద సజీవ వృక్షములు లేవు. కావున అది ఇకపై అడవి నిర్వచనంలోకి రాదు. అచ్చటి చెట్లు కొట్టుటకు ఎవరి అనుమతీ అవసరం లేదు.'

"ఎవరు చూశారంటయ్యా?"

"ఉపగ్రహం, పిన్నీ. ఆకాశంలో తిరుగుతుంటుంది."

"అంత దూరం నుంచి కనపడిందా?"

పిన్ని ఉత్తరం మడిచి తీసుకుని, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఫొటో తీసిన రోజు నుంచి ఉత్తరం చేరడానికి పట్టింది పదకొండు రోజులే, అదీ ఎవరూ దరఖాస్తు చేయకుండానే. అత్యంత వేగవంతమైన పౌరసేవకు ఇచ్చే పతకం ఈ ఏడాది ఇంజనీరు క్వరెజ్మా గారికి వచ్చింది.