రెండు కాళ్ళ మేతసంచి

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడే చెబుతాను.

పోయినేడాది పాలకొల్లులో ఒక పెళ్ళికి వెళ్ళాం. బంతిలో కూర్చున్న నా దగ్గరికి వంటమేస్త్రి వచ్చి, ఎదురుగా ఉన్న ఫణీంద్రను చూపిస్తూ, "మీ అబ్బాయిగారు బొత్తిగా ఏమీ తినట్లేదేంటండీ?" అన్నాడు.

ఫణీంద్ర నా కొడుకు కాడు. నా తోడల్లుడు. నాకంటే రెండేళ్ళు పెద్ద.

పక్కనే ఉన్న మా ఆవిడ హైమ నవ్విన నవ్వుకి సాంబారు ముక్కులోకి పోయింది. ఆవిడ ముక్కులోకే లెండి. అయినా మండింది మాత్రం నాకు.

ఏడాదంతా ఆలోచిస్తే మా ఇద్దరికీ తేడా ఒక్కటే కనిపించింది. ఆయన వేసుకున్నది మోకాళ్ళ దగ్గర చిరిగి, తొడల మీద వెలిసిపోయిన జీన్సు. నాది ఇస్త్రీ మడత చెదరని ప్యాంటు. ఇంతలో భీమవరంలో మా బావమరిది నిశ్చితార్థం వచ్చి పడింది. వంట కూడా ఆ మేస్త్రిదేనట. ఈసారి ఎలాగైనా ఆ మేస్త్రి చేత తప్పు దిద్దించాలనుకున్నాను.

"హైమా, నేనూ ఒక చిరిగిన జీన్సు కొనుక్కుంటాను."

"చిరిగినదే కావాలంటే కొనడమెందుకండీ? మీ బనీన్లున్నాయిగా."

"అది ఫ్యాషనే బాబూ!"

"అలాంటిది కట్టుకుని శుభకార్యానికొస్తే మా అమ్మ మిమ్మల్ని గుమ్మంలోనే ఆపి, చద్దన్నం పెట్టి పంపించేస్తుందండి."

సరే, ఇక రహస్యంగా కానిచ్చేద్దామని బీరువాలోని నా నిక్షేపంలాంటి జీన్సు తీసుకుని డాబా ఎక్కాను. ఫోన్లో వీడియో గరుకు కాగితంతో రుద్దమంది. అది లేక హైమ మడమలు రుద్దుకునే రాయితో రుద్దాను. గంటలో రాయి అరిగిపోయింది, జీన్సు అరగలేదు. అప్పుడు వంటింట్లోని కొబ్బరి కోరాం గుర్తొచ్చింది.

దాని మీద జీన్సు మోకాలిని కొబ్బరిచిప్పలా పట్టుకుని కోరాను. ఆహా, ఏం కోరింది! మోకాళ్ళూ కోరింది, తొడలూ కోరింది, ఆపేలోపు పిక్కల దాకా బెజ్జాలు పడ్డాయి.

మర్నాడు ఇడ్లీలు వడ్డిస్తూ హైమ పచ్చడి గిన్నెలోకి తొంగి చూసింది.

"ఏవండీ, మన చెట్టు కొబ్బరికి నీలం పీచొస్తోందేంటండీ?"

"ఈమధ్య ఎరువులు అలా ఉన్నాయి."

"ఓహో!" అంది.

ఆ ఓహోకి నేను అప్పుడే భయపడాల్సింది.

ఇంకా రంగు వెలవాలి. నిమ్మరసం పిండి ఎండలో ఆరెయ్యమంది వీడియో. ఇంట్లో ఆరేస్తే దొరికిపోతానని మా చేపల చెరువు దగ్గర పాకలో దండెం మీద వేసి వచ్చాను.

మా చెరువుల్లో చేపలకి తవుడు ఎలా పెడతామో తెలుసుగా? బస్తాకి బెజ్జాలు చేసి, తవుడు నింపి, నీళ్ళలో తాడుకి వేలాడగడతాం. చేపలు బెజ్జాల దగ్గర మూతి పెట్టి లాక్కుని తింటాయి.

రెండోరోజు వెళ్ళేసరికి దండెం ఖాళీగా ఉంది. చెరువు వైపు చూశాను. నా జీన్సు రెండు కాళ్ళకీ అడుగున ముళ్ళేసి, నడుము దాకా తవుడు కూరి, నీళ్ళలో నిలబెట్టినట్టు కట్టేసి ఉంది. చుట్టూ శీలావతి చేపలు మూగి మోకాళ్ళు పీకుతున్నాయి.

చెరువు చూసుకునే చిట్టియ్య నిండుగా నవ్వాడు. "ఏం సంచి తయారు చేశారండీ అయ్యగారూ! రెండు కాళ్ళు కదండీ, ఆటికి తోపులాట లేదండి."

నేను నోరు తెరిచేలోపే గట్టు మీద భీమరాజు గారు ప్రత్యక్షమయ్యారు. ఆయన్ని మేం బ్రేకింగ్ న్యూస్ భీమరాజు అంటాం. "ఇది మీ ఐడియానేనా, ప్రసాదరాజు గారూ?"

అది నేను ఫంక్షన్‌కి వేసుకుందామని చింపుకున్నదని చెప్పాలా, మేధావిననిపించుకోవాలా? మీరైతే ఏం చేసేవారు?

"ఆయ్, మనదేనండి," అన్నాను.

సాయంత్రానికి నా జీన్సు ఫొటో రైతుల గ్రూపులన్నీ తిరిగొచ్చింది. ఇక అది వేసుకుని ఏ ఊళ్ళో దిగినా మేతసంచిలోంచి తల బయట పెట్టినట్టే ఉంటుంది. చచ్చినట్టు తెల్లపంచె కట్టుకుని నిశ్చితార్థానికి వెళ్ళాను.

ఫణీంద్ర కారు దిగాడు. ఈసారి జీన్సుకి బట్టకంటే బెజ్జాలే ఎక్కువ. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే చిట్టియ్య విందుకని మా చెరువు చేపలు తెచ్చి దింపాడు. ఫణీంద్రను కింద నుంచి పైదాకా చూశాడు. ఆ చూపులో ఎంతో గౌరవం ఉంది.

"ఈరికీ చేపల చెరువుందాండీ?"

పందిరి పందిరంతా గొల్లుమంది. ఫణీంద్ర ముఖం మాడిపోయింది. నా ప్రాణానికి హాయిగా ఉంది, సరిగ్గా ఒక్క క్షణం. ఎందుకంటే చిట్టియ్య హైమ వైపు తిరిగి ఇలా అన్నాడు.

"అమ్మగారూ, మొన్న నేను ఫోన్ చేస్తే అయ్యగారిది సంచిగా కట్టమన్నట్టే ఈరిది కూడా కట్టెయ్యమంటారాండీ? రెండో చెరువుకి సంచి లేదండి."

నేను హైమను చూశాను. హైమ పూలదండలు సర్దుతోంది.

"అంటే... నువ్వేనా?"

"నీలం పీచు కొబ్బరి తినిపించిన మొగుడికి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలాగండీ?"

భోజనాల వేళకి ఫణీంద్ర మా మామగారి పంచె అడిగి కట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. ఆ పాత వంటమేస్త్రే వచ్చి మా ఇద్దరినీ చూసి, "అన్నదమ్ములిద్దరూ ఒక్కలాగే ఉన్నారండీ!" అన్నాడు.

తండ్రి నుంచి అన్నదమ్ముడి దాకా దిగొచ్చాను. ఆ ధైర్యంతో హైమను మెల్లగా అడిగాను. "మరి నా జీన్సు ఎప్పుడిస్తావు?"

"చెరువు మొత్తం చేపల పట్టుబడి అయ్యాక తీయించి ఇస్తానండి. అప్పటికి మీక్కావలసినంత చిరుగుతుంది," అంటూ నా విస్తట్లో పులుసు ముక్క వేసింది.

వారం రోజులు నా జీన్సులో మేసిన చేప. అన్నంలో కలుపుకుని తిన్నాను. రుచిగానే ఉందండి.