తల్లిదండ్రుల హాజరుపట్టీ

పిల్లలు బడికి పోయినంత మాత్రాన దేశం బాగుపడదనీ, తల్లిదండ్రులు కూడా పోయినప్పుడే ప్రజాస్వామ్యం వేళ్లూనుతుందనీ పంచాయతీ సమితి అధ్యక్షులు చెంచురామయ్యగారు 1961 నవంబరులో ప్రకటించారు. ఇంత గొప్ప సత్యం అంతకుముందు ఎవరికీ తట్టలేదు. తల్లిదండ్రుల సహకారంలో మొదటి స్థానం తెచ్చుకున్న సమితికి వెండి షీల్డు ఇస్తామని పైనుంచి సర్క్యులర్ వచ్చిన మర్నాడే ఆయనకు తట్టింది.

సహకార వారోత్సవం ప్రారంభించడానికి ఆయన ఇసకదిబ్బపాళెం బడిని ఎన్నుకున్నారు. అల్లూరుకు తూర్పున, సముద్రపుటొడ్డున ఉన్న బెస్తపాళెం అది. అక్కడ ఫొటో తీస్తే వెనకాల సముద్రం బాగా పడుతుంది. బడికి ఒక గది, ముప్పైనలుగురు పిల్లలు, ఒక అయ్యవారు. ఆ అయ్యవారు గంగాధరం.

గంగాధరానికి షీల్డు మీద ఆశ లేదు. ఆయన ఆశంతా మస్తానమ్మ అనే పదేళ్ల పిల్ల మీద. ఆరేళ్లలో ఆ బడిలో ఐదో తరగతి దాకా నిలిచిన మొదటి పిల్ల ఆమే. తండ్రి చెంగయ్య తుపానులో పడవతో సహా పోయాడు. ఇంట్లో తల్లి పిచ్చమ్మా, ఈ పిల్లా ఇద్దరే. ఏడాదిలో ముప్పాతిక రోజులు హాజరుంటే చాలు, అల్లూరు హైస్కూల్లో ఆరో తరగతి, హాస్టల్లో చోటు. ఆ పిల్ల సంచీ తగిలించుకుని అల్లూరు బస్సెక్కడం కళ్లారా చూస్తే, ఆ తరవాత తనను ఏ మూలకు బదిలీ చేసినా సంతోషంగా పోతానని ఆయన అనుకునేవాడు.

తల్లీ తండ్రీ ఇద్దరూ ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా బడిలో ఉండవలెనని ఉత్తర్వు. దాన్ని పట్టుకుని గంగాధరం పాళెం పెద్దకాపు చిన్నపోలయ్య దగ్గరికి వెళ్లాడు. పాళేనికి ఒక కట్టు ఉంది. పెద్దవలను ఒడ్డుకు లాగేటప్పుడు తాడు దగ్గరికి ఇంటికొక మనిషి రావాలి. వచ్చిన ఇంటికే చేపల్లో వాటా. ముసలా, పడుచా అని ఎవరూ అడగరు. తాడు మీద ఆ ఇంటి చెయ్యి ఉండాలి, అంతే.

"మేమంతా బళ్లో కూచుంటే తాడు ఎవురు లాగేది అయ్యోరా?" అన్నాడు చిన్నపోలయ్య.

జవాబు కూడా తనే తేల్చేశాడు. "వారమే గదా. బళ్లోకి మేం పోతాం, తాడు కాడికి పిలకాయలు పోతారు. సర్కారు మాటా నిలబడతది, మా కట్టూ నిలబడతది."

వారోత్సవం నాడు చెంచురామయ్యగారు జీపు దిగేసరికి పాళెంలోని తల్లులూ తండ్రులూ పలకలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎవరి బిడ్డ ఏ తరగతో వాళ్లూ ఆ తరగతి వరసలోనే. ఐదో తరగతి వరసలో పిచ్చమ్మ ఒక్కతే. అధ్యక్షులవారి కళ్లు చెమర్చాయి. పిల్లలందరూ తాడు దగ్గర ఉన్నారండీ అని గంగాధరం చెవిలో చెప్పాడు. వారు చిరాకుపడకుండా, ఎంతో ఓర్పుగా బోధపరిచారు.

"ఇది తల్లిదండ్రుల వారోత్సవమయ్యా. పిల్లల వారోత్సవం వచ్చినప్పుడు పిల్లల్ని పిలుద్దాం."

ఫొటో పత్రికలో పడింది. కింద 'నూటికి నూరు' అని వేశారు. వారం తిరక్కుండానే పక్క సమితి తొంభైఎనిమిదికి చేరిందని తెలిసింది. ఆ రెండు పర్సెంట్ల తేడాను కాపాడుకోవడానికి వారోత్సవాన్ని నెలకు పొడిగించారు, నెలను శివరాత్రి దాకా పొడిగించారు, ఆపైన వేసవి సెలవుల దాకా. తల్లిదండ్రులకు బడి అలవాటైపోయింది. చిన్నపోలయ్య క్లాసు లీడరయ్యాడు. పిచ్చమ్మ పదమూడో ఎక్కం దాకా అప్పజెప్పేది.

గంగాధరం మాత్రం రోజూ పిల్లల హాజరుపట్టీ కూడా తెరిచి, ముప్పైనాలుగు సున్నాలు చుట్టేవాడు. తనిఖీకి వచ్చిన బి.డి.ఓ. జయకుమార్‌గారు ఆ సున్నాలు చూసి బాధపడ్డారు. ఒక బడికి రెండు పట్టీలుంటే పరిపాలనలో అయోమయం వస్తుందని చెప్పి, పిల్లల పట్టీని భద్రత కోసం ఆఫీసుకు తీసుకుపోయారు.

మార్చిలో గంగాధరం సమితి ఆఫీసుకు వెళ్లి, మస్తానమ్మకు హాజరు చాలకుండా పోతోందని మొరపెట్టుకున్నాడు. తనకోసం ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, ఆ రోజు చేతులు జోడించాడు. జయకుమార్‌గారు కరిగిపోయారు.

"ఆ ఇంటి నుంచి హాజరనేది అసలుందా, లేదా?" అని అడిగారు.

"తల్లిది ఉందండీ. నూటికి నూరు."

"మరి ఇబ్బందేముంది? హాజరు ఎవరిదో దరఖాస్తు వాళ్లది."

గంగాధరం మస్తానమ్మ పేరుతో మూడుసార్లు దరఖాస్తు పంపాడు. మూడుసార్లూ హాజరు లేదని తిప్పి పంపారు. నాలుగో దరఖాస్తు ఆఫీసువారే రాసుకున్నారు. ఏప్రిల్లో వెండి షీల్డు వచ్చింది. జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. కుమారి పిచ్చమ్మ, వయస్సు ముప్పైరెండు, అల్లూరు హైస్కూలు ఆరో తరగతికి, హాస్టలుకు ఎంపికైనది. పళ్లెము, గ్లాసు తెచ్చుకొనవలెను. చేరనిచో ఈ పాళేనికి ఇకముందు చోటు ఇవ్వబడదు.

పిచ్చమ్మ మొదట నవ్వింది. చివరి వాక్యం రెండోసారి చదివించుకుని నవ్వు ఆపింది.

"పోతా అయ్యోరా," అంది. "నే పోయి ఆ చోటు పట్టి పెడతా. ఇంకోరు కూచుంటే నా బిడ్డకు మళ్లీ దొరకదు గదా."

ఉత్తర్వుతో పాటు ఇంకో కాగితం ఉంది. విద్యార్థిని ఇంటివారిలో చదువు వచ్చిన ఒకరు సంరక్షకులుగా సంతకం చేయవలెను, నెలకొకసారి హైస్కూల్లో జరిగే తల్లిదండ్రుల సభకు తప్పక హాజరు కావలెను. ఆ ఇంట్లో మిగిలిన మనిషి ఒక్కతే. గంగాధరం ఆ కాగితం పట్టుకుని ఒడ్డుకు నడిచాడు.

మస్తానమ్మ తాడు వరసలో ఏడో మనిషి. అరచేతులు పెద్దవాళ్ల చేతుల్లా కాయలు కాచి ఉన్నాయి. వల ఒడ్డుకు చేరేదాకా ఆయన ఎండలో నిలబడ్డాడు. ఆ తరవాత కాగితంలో ఉన్నదంతా ఆ పిల్లకు చదివి చెప్పాడు. అంతా శ్రద్ధగా విని ఒక్క మాట అడిగింది.

"అయితే నెలకొకతూరి నేను బళ్లోకి రావచ్చా అయ్యోరా?"

రావచ్చునన్నాడు.

మస్తానమ్మ చేతులు పావడాకు తుడుచుకుని, కాగితాన్ని ఆయన వీపు మీద ఆనించి, సంరక్షకుల గడిలో సంతకం చేసింది. అక్షరాలు గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. సమితి ఆఫీసువారు ఆ కాగితాన్ని అద్దం కట్టించి, షీల్డు పక్కన తగిలించారు.